చేతి పట్టీ చూపించిన పావుగంట

బుజ్జీ,

నా బండి వెనక సీటు మీద నుంచి పడి నువ్వు పోయి రేపటికి ఏడాది. పిల్లలు ఎంతసేపు నిద్రపోతున్నారో తెలుసుకోవడానికని మీ చెల్లి కాలేజీలో అందరి చేతులకూ వాచీల్లాంటి పట్టీలు కట్టారు. ఇవాళ నన్ను పిలిచి లెక్క చూపించారు.

“రాత్రి నాలుగు గంటలే పడుకుందండి. మళ్లీ పొద్దున ఐదున్నరకి ఒక పావుగంట నిద్రపోయింది. అప్పుడు పాప ఎక్కడుందండి?” అని మేడమ్ అడిగింది.

“ఇంట్లోనేనండి” అన్నాను. పక్కనే ఉన్న చెల్లి తల దించుకుంది.

ఆ టైముకి రోజూ నేను మిర్చి యార్డుకి పోతూ దాన్ని బండి వెనక ఎక్కించుకుని కాలేజీ దగ్గర దింపుతాను. నల్లపాడు దాటగానే నా వీపుకి తల ఆనిస్తుంది. పాఠం నెమరేసుకుంటోందనుకుని నేను పలకరించను.

ఆ రోజు నువ్వూ ఇలాగే తల ఆనిస్తే, నిన్నూ పలకరించలేదమ్మా.