జాకీ మీద బిగించిన తొడుగు

ప్రొద్దుటూరు,
12 ఫిబ్రవరి 1959.

ప్రియమైన హుమాయున్ మామకు,

మీ అల్లుడు కమాల్ బాషా సలాములు. మీ సాజిదా బాగుంది. ఏడో నెల నడుస్తోంది. ఈ ఉత్తరం దానికి తెలియకుండా రాస్తున్నాను. మీరూ దానితో అనొద్దు.

మామా, నేనొక మనిషి నోటికాడి కూడు తీసేశాను. నాలుగు రోజులుగా తేలు కుట్టిన దొంగలాగా తిరుగుతున్నాను. మీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

మా నూనె మిల్లు యజమాని అలీ అహ్మద్ సాబు మద్రాసులో జర్మనీ కారు కొన్నాడని మీకు తెలుసు. కిందికి ఉంటే బాగా ఉరుకుతుందని ఎవరో చెప్పారట, దాన్ని నేలకు దించమని నా ప్రాణం తీశాడు. సరే అని నాలుగు వేళ్ళ ఎత్తు దించాను. ఆ బండి వెనక ఇరుసు మన లారీలకు ఉన్నట్టు ఒకే దూలం కాదు. నడుమ గేరుపెట్టె ఉంటుంది, దానికి అటొకటి ఇటొకటి రెక్కల్లాగా రెండు ఇరుసులు. గుంతలో పడితే ఆ రెక్కలు పైకీ కిందికీ ఆడతాయి. రెక్క పెట్టెలోకి పోయే చోట నూనె కారకుండా ఒక రబ్బరు తొడుగు వేసి ఉంటుంది. దాన్ని బూటు అంటారు. బండి దించిన వారానికే అది చిరిగింది. మద్రాసుకు రాస్తే లేదన్నారు.

అప్పుడు జమ్మలమడుగు దయానందాన్ని నేనే పిలిపించాను. మిల్లుకు తోలు బెల్టులు కుట్టేది ఆయనే. మెత్తటి తోలుతో ముచ్చటైన బూటు కుట్టిచ్చాడు. పది రోజుల్లో చిరిగింది. ఇంకోటి కుట్టాడు, అదీ అంతే. మూడోది చిరిగి నూనంతా కారిపోయి, మైలవరం దారిలో సాబు నడిఎండలో నిలబడిపోయాడు. ఇక చూడాలి ఆయన కోపం! మిల్లు ముందర కూలీలందరి ఎదుట దయానందాన్ని నిలబెట్టి నోటికొచ్చినట్టు తిట్టాడు. నా వైపు తిరిగి, "ఏంది కమాలూ, తప్పు యాడుంది? బండిలోనా, కుట్టులోనా?" అని అడిగాడు. "కుట్టులోనే సాబ్" అన్నాను. ఆలోచించను కూడా లేదు మామా.

"రేపట్నుంచి మిల్లు గేటు తొక్కొద్దు పో" అన్నాడు సాబు. పదహారేళ్ళ పని ఆ ఒక్క మాటతో పోయింది.

సాబు కడప నుంచి వేరే మనిషితో నాలుగో బూటు కుట్టించి తెచ్చాడు. ఆదివారం దాన్ని వేశాను. ఎప్పటిలాగే బండిని జాకీ మీద ఎత్తి, చక్రాలు వేలాడుతుండగా బూటు రెండు చివరలా పట్టీలు బిగించి కిందికి దించాను. స్పానరు లోపల మరిచిపోయి మళ్ళీ దూరాను. చూద్దును కదా, బూటు పిండిన గుడ్డలాగా మెలితిరిగి బిర్రుగా ఉంది! బండి దిగితే రెక్క పైకి లేస్తుంది, అందులోనూ ఈ దించిన బండికి ఇంకా పైకి లేస్తుంది. బరువంతా చక్రాల మీద పడినాక బిగించాల్సింది. మూడుసార్లూ తోలును చంపింది నేను.

పట్టీలు వదులు చేసి, సర్ది, మళ్ళీ బిగించాను. ఇక ఇది చిరగదు. సాబు రోజూ కారులో తిరిగొచ్చి, "కుట్టంటే ఇదిరా! ఆ దయానందం దండగ మనిషి" అంటున్నాడు. నేను బాగుచేసే కొద్దీ దయానందం పేరు చెడుతోంది. చెబుదామంటే కొలువు పోతుంది, సాబు ఇచ్చిన ఇల్లు పోతుంది. సాజిదాను ఈ స్థితిలో ఎక్కడికి తీసుకుపోను? ఏం చేయమంటారో రాయండి.

మీ అల్లుడు,
కమాల్ బాషా

*

పులివెందుల,
16 ఫిబ్రవరి.

అల్లుడు కమాలుకు దువాలు.

నాకు రాత రాదని తెలుసు గదా. చెప్పింది చెప్పినట్ల రాయమని మా బస్సు షెడ్డు గుమాస్తాతో రాయిస్తాండా.

జాకీ మీదనే బిగించమని నీకు నేర్పింది నేనే. లారీ ఇరుసు ఒకటే దూలం, యాడ బిగించినా ఒకటే. ఇట్లాంటి బండి నేను కండ్లతో చూడలేదు. తెలీక చేసిన దానికి నిన్నేమీ అనను. తెలిసినాక నాలుగు దినాలు నోరు మూసుకుంటివే, దానికి మాత్రం నాకు శానా కోపంగా ఉండాది. కొలువు పోతే పోనీ, ఈడ షెడ్డులో పని ఉండాది, ఇంట్లో ఇంత సంగటి ఉండాది. పోయి చెప్పు. సాబు చెవిలో గొణగడం కాదప్పా. ఆయప్పను యాడ నిలబెట్టి తిట్టిరో ఆడనే, ఆ కూలోళ్ళ ముందరే చెప్పు.

మామ,
హుమాయున్

*

ప్రొద్దుటూరు,
20 ఫిబ్రవరి.

ప్రియమైన మామకు,

చెప్పేశాను. నిన్న పొద్దున కూలీలు గేటు దగ్గర చేరిన వేళకు గట్టిగానే చెప్పాను. సాబు మొదట నవ్వులాట అనుకున్నాడు. తర్వాత మొహం నల్లబడింది. "నాతో ఒక పెద్దమనిషిని తిట్టిస్తివి గదరా! నా బండి మీద చెయ్యి పడితే ఇరుస్తా" అన్నాడు. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయమన్నాడు. దయానందాన్ని సోమవారం నుంచి పనికి రమ్మని మనిషిని పంపాడు, అది మేలు.

నేనే స్వయంగా పోయి క్షమాపణ అడగాలని మధ్యాహ్నం బస్సెక్కి జమ్మలమడుగు పోయాను. నిజం చెప్పాలంటే మామా, పోయేటప్పుడు గుండె తేలికగానే ఉంది. కొలువు పోగొట్టుకొని నిజం చెప్పినవాణ్ణి కదా, ఆయన నన్ను దగ్గరికి తీసుకుంటాడనుకున్నాను. ఆయన భార్య సుబ్బమ్మ నీళ్ళిచ్చింది. దయానందం నేను చెప్పిందంతా విని, పని ఆపకుండానే, "నాకు అప్పుడే తెలుసప్పా. మూడిట్లో ఒక్క కుట్టూ తెగలేదు. తోలే పక్కన చిరిగింది" అన్నాడు.

నాకు మండింది. "తెలిసీ ఆ రోజు నోరు తెరవలేదేం పెద్దాయనా?" అన్నాను.

అప్పుడు తలెత్తి చూశాడు. "తెరవకేమప్పా? కుట్టు తెగలేదు చూడు కమాలూ అని బూటు తెచ్చి నీ చేతికే ఇస్తి గదా. నువ్వు చూడకుండానే పక్కకు పారేస్తివి."

పారేశాను మామా. ఆయన అన్నాక గుర్తొచ్చింది. అంతవరకూ నాకు గుర్తే లేదు.

కొలువు పోయిందని సాజిదాకు చెప్పాను. ఏడవలేదు, మంచి పని చేశావంది. ఈ సంగతి మాత్రం దానికి ఇంకా చెప్పలేకపోయాను.

మీ అల్లుడు,
కమాల్ బాషా