గోడవైపు తిరిగిన బూట్లు

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మేడ్చల్‌లో నువ్వు పనిచేసిన పాత ఫైర్‌స్టేషన్‌ను మ్యూజియం చేశారంటే వెళ్లాను. నీ నంబరున్న బూట్లు పెట్టారు, మొనలు గోడవైపు! గంట మోగగానే కాళ్లు దూర్చి ఉరకాలని, నువ్వు ఇంట్లో చెప్పులు కూడా వాకిలివైపే తిప్పి విడిచేవాడివి. నువ్వు పోయిననాడే అమ్మ వాటిని లోపలికి తిప్పింది.

ఆగలేక అడ్డంగా కట్టిన తాడు దాటి బూట్లు తిప్పాను.

"ముట్టొద్దమ్మా! ఇగ గవి ఎవలు తొడుగుతరు?" అంటూ కాపలా ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"మరి గంట గొడితే మా బాపు ఎట్ల ఉరకాలె, అన్నా?" అన్నాను.

గుమ్మం దాటి తిరిగి చూస్తే, ఆయన బూట్లను మళ్లీ గోడవైపు తిప్పుతున్నాడు.

రేపు పదింటికి తెరుస్తారట. మళ్లీ వెళ్తాను.