నా చేత్తో ఏరిన గుల్లలు

ఉప్పు కొటారు, రేపల్లె తాలూకా,
గురువారం సాయంత్రం.

అమ్మకు సుందరరావు వందనాలు. దేవుడి దయవల్ల నేనిక్కడ కులాసా. నువ్వు, చెల్లి రూతు, ఈనబోతున్న మన గేదె కూడా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో ఈసారైనా దాచకుండా రాయించు. రూతూ, ఈ ఉత్తరం అమ్మకి నెమ్మదిగా చదువు. మధ్యలో నీ సొంత కవిత్వం కలపకు. ఒకచోట అమ్మకి కోపం వస్తుంది. అక్కడ ఆపకుండా చివరిదాకా చదివెయ్యి.

తన లారీలో ఈ ఉత్తరం తెచ్చిన ఏసోబు మామ నీ ఎదురుగానే కూర్చుని ఉంటాడు. నీ తమ్ముడి సంగతి నీకు తెలియనిది కాదు, నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే, ఇది చదవడం అయ్యేదాకా నోరు విప్పనని మాట తీసుకున్నాను. తను చూసింది నేనే చెప్తాను. ముందుగా ఒకటి, నేను బాగానే ఉన్నాను.

ఇక్కడ పని కష్టమేమీ కాదు. ఉప్పు రాశులు కొలిపించడం, లారీకి ఎన్ని బస్తాలు ఎక్కాయో రాసుకోవడం. ఎండలు అప్పుడే ముదిరాయి. తెల్లటి మడుల మీంచి వెలుతురు కొట్టి మధ్యాహ్నానికి కళ్ళు మంటలెత్తుతాయి. మంచినీళ్ళు పీపా బండి మీద వస్తాయి, నాకు రోజుకి రెండు బిందెలు. మన ఊళ్ళో కాలువ గట్టున పుట్టినవాణ్ణి, ఇక్కడ చెంబుతో లెక్కపెట్టుకుని స్నానం చేస్తున్నాను. మొదటి నెలంతా మాట్లాడే మనిషి లేక ఉప్పు రాశులకి పేర్లు పెట్టుకున్నాను. ఆదివారం కూడికకి పక్క పల్లెకి మూడు మైళ్ళు నడిచి వెళ్తున్నాను, మానలేదు.

ఆ ఒంటరితనంలో నాకు దొరికిన మనిషి నాగమ్మ పిన్ని. మా కొటారు కాపలాదారు భార్య, సముద్రం మీద బతికే ఇంట్లో పుట్టింది. ఆవిడ వీలు చిక్కినప్పుడల్లా ఉప్పుటేరు దాటి అవతలి బురద దిబ్బ మీద గుల్లలు ఏరుతుంది. గుల్లలంటే మనకి సున్నపు బట్టీలో కాల్చే చిప్పలే కదా. లోపల మాంసం ఉంటుందనీ, పచ్చి మామిడికాయ వేసి కూర వండుతారనీ ఇక్కడికొచ్చాకే తెలిసింది. చాలా బావుంటుందమ్మా. ముక్కు చిట్లించకు.

ఊరికే పొద్దుపోవడానికని ఒకరోజు ఆవిడ వెంట వెళ్ళాను. సముద్రం నీళ్ళు వెనక్కి లాగడాన్ని పాటు అంటారు, తిరిగి రావడాన్ని పోటు అంటారు. పాటు మీదే వెళ్ళాలి. రోజూ ఒకే వేళకి రాదది, ముప్పావుగంట చొప్పున వెనకబడుతూ ఉంటుంది. నేను గడియారం చూసుకుని వెళ్ళి రెండుసార్లు ఉత్త చేతులతో తిరిగొచ్చాను. నడిచేటప్పుడు అడుగు ఎత్తకూడదు, బురదలో ఈడ్చుకుంటూ పోవాలి. ముల్లున్న టేకు చేప ఉంటే ఆ అలికిడికి తప్పుకుంటుంది. నేనేమో గుల్లలు పైన పరిచి ఉంటాయనుకుని వంగి వెతుకుతున్నాను. పిన్ని నవ్వి, “గుల్ల కోసం చూడకండి బాబూ, కన్నం కోసం చూడండి. ఊపిరి తీసేదానికి కన్నం ఉంటది కదండీ,” అంది. నిజమే, సూదితో పొడిచినట్టు పక్కపక్కన రెండు సన్నటి కన్నాలు. అక్కడ నాలుగు వేళ్ళు దించితే గట్టిగా తగులుతుంది. రూపాయి బిళ్ళ కన్నా చిన్నది దొరికితే ఎక్కడిదక్కడే పాతెయ్యాలి. తెచ్చినవాటిని ఒక రాత్రి ఏటి నీళ్ళలోనే ఉంచితే ఇసక కక్కేస్తాయి. నేను ప్రేమకొద్దీ నా వంతు మంచినీళ్ళలో పోశాను. పొద్దున్నకి అన్నీ నోళ్ళు తెరిచి చచ్చాయి, కంపుకి రెండు రోజులు గదిలోకి పోలేకపోయాను.

ఇంతదాకా విన్నాక నీ మొహం ఎలా మారిందో నాకు తెలుసు. నాన్న లాకుల దగ్గర తూడు మొక్కలు తీస్తూ కాలువలో మునిగి చనిపోయిన ఏడాది నువ్వు నా చెయ్యి నీ తలమీద పెట్టించుకుని ఒట్టు వేయించావు, మోకాలు దాటి నీళ్ళలో దిగనని. కాలువ కాచే లస్కరు కొడుకునై ఉండీ ఈత రాకుండా పెరిగాను. పాటు మీద ఏటిలో నీళ్ళు పిక్కల దాకే ఉంటాయి, కాబట్టి ఒట్టు తప్పలేదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. నెలన్నర ఆ తీర్పు మీదే నడిచాను.

నిన్న అమావాస్య. కూలీలు పనిలోకి రారు, మామ తెచ్చిన లారీకి బస్తాలు ఎక్కలేదు. అమావాస్యకి సముద్రం బాగా వెనక్కి లాగుతుంది, దిబ్బ చివరిదాకా బయటపడుతుంది. నేనూ పిన్నీ వెళ్ళాం. ఆవిడ ఆ కొసన, నేను ఈ కొసన, పిలిచినా వినపడనంత దూరం. బుట్ట నిండుతుంటే ఆశ పుట్టింది. నేను జాగ్రత్తగానే ఉన్నానమ్మా, క్షణానికోసారి తలెత్తి చూస్తూనే ఉన్నాను. కానీ చూసింది ఉత్తర దిక్కుకేసి. నీళ్ళనేవి ఎగువనుంచి వస్తాయని మన కాలువ నేర్పింది కదా. లాకులు ఎత్తితే పైనుంచేగా వస్తాయి. అటువైపు చుక్క నీరు కదల్లేదు. వెనక్కి తిరిగేసరికి సముద్రం వైపునుంచి ఏరు నిండిపోయి, గట్టుకీ నాకూ మధ్య ఎటు చూసినా నీళ్ళే ఉన్నాయి.

దిగాను. మోకాలు దాటింది, నడుం దాటింది, రొమ్ము దాకా వచ్చింది. ఇంకో అడుగు వేస్తే కాళ్ళు ఆనవనిపించి నిలబడిపోయాను. అప్పుడు గుర్తొచ్చింది నాన్న కాదు, నువ్వు. నీకు ఈ కబురు ఎవరు చెప్తారా అని భయపడ్డాను. పిన్ని దిబ్బ మీంచి నా వెనకే దిగి ముందుకొచ్చి, చీర కొంగు నా చేతికి చుట్టి, తనకి తెలిసిన మెరక మీదుగా గట్టుకి నడిపించింది. గట్టు మీద మామ నిలబడి చూస్తున్నాడు. అతను చూసింది అదే, నేను బురదలో తడిసి ఏడుస్తూ రావడం.

తర్వాత ఒట్టు సంగతి పిన్నికి చెప్పాను. ఆవిడ తడిసిన కొంగు పిండుకుంటూ, “అమ్మగారిది తప్పని అననండి. కానీ నీళ్ళ జోలికే పోనోళ్ళకి, నీళ్ళు ఎటునుంచొస్తాయో ఎట్టా తెలుస్తదండీ?” అంది. ఆ మాట నిన్నటినుంచీ నాలో తిరుగుతూనే ఉంది.

అమ్మా, ఒట్టు తప్పాను. ఒప్పుకుంటున్నాను. నన్ను క్షమించు. అయితే నాకు ఈత నేర్చుకోవాలని ఉంది. పిన్ని నేర్పుతానంది, నడుం లోతు నీళ్ళలో, పాటు మీద. నీతో చెప్పకుండా మాత్రం ఇంక ఒక్క అడుగు కూడా దిగను.

పాస్టరుగారికి, పక్కింటి పెద్దమ్మకి నా వందనాలు చెప్పు. మామ చేత కాస్త గోంగూర పచ్చడి పంపు, ఇక్కడి చప్పిడి తిండికి నోరు చచ్చిపోయింది.

మామ లారీలోంచి ఒక బస్తా దింపుతాడు. ఉప్పు కాదు. ఇన్నాళ్ళూ తిన్నాక నేను దాచిన గుల్లలు, అన్నీ నా చేత్తో ఏరినవే. ఈస్టరుకి ఎలాగూ నాన్న సమాధికి సున్నం కొట్టిస్తావు. నా ఒట్టు తీసెయ్యాలని నీకు అనిపిస్తే, వీటిని మన ఊరి బట్టీలో కాల్పించి ఆ సున్నమే వేయించు. మనసు ఒప్పకపోతే బస్తా కట్టు విప్పకుండా అలాగే వసారాలో పడెయ్యి, నేను నీళ్ళ మొహం చూడను. ఔనో కాదో ఉత్తరంలో రాయించక్కర్లేదు. ఈస్టరు పొద్దున నాన్న సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించడానికి వస్తాను కదా, ముందుగా వసారాలో బస్తా ఉందో లేదో చూసుకుంటాను.

నీ ప్రార్థనలో నన్ను తలుచుకుంటూ ఉండు.

నీ కొడుకు,
సుందరరావు