ముందు చక్రాలు మారేదాకా

తమ్ముడూ, లేవగానే లారీ తీయకు. ముందు చక్రాల టైర్ల గాడిలో అగ్గిపుల్ల తల కూడా మునగడం లేదు, పొద్దున నేనే పెట్టి చూశాను. నువ్వు నల్లరంగు పూసి మెరిపించినంత మాత్రాన అరిగిన టైరు కొత్తదైపోదు. టైర్ల షాపాయనకు చెప్పాను. వాన నీళ్లను పక్కకు తోసేసే లోతైన గాడులున్నవి తెస్తాడు. బరువంతా వెనకే కదా, కొత్తవి అక్కడే బిగించమని ఆయనతో వాదించకు. బండిని మలుపు తిప్పేవి ముందువే. నిన్న తడి రోడ్డు మీద బండి జారిందని నవ్వుతూ చెప్పావు. అప్పట్నుంచి నాకు ముద్ద దిగడం లేదు. డ్యూటీకి వెళ్తున్నాను.

అక్క

తాళంచెవి కోసం ఇల్లు పీకి పందిరెయ్యకు. అది నా సంచిలో ఉంది. తిట్టుకుంటే తిట్టుకో, ఇంట్లో కూర్చుని తిట్టుకో.