చిత్ర తెచ్చిన బెల్జియం సీసా

శనివారం రాత్రి

బీరు షాపులో ఎవరికి ఏ దేశపు బీరు నచ్చుతుందో చెప్పడమే మనవరాలు చిత్ర ఉద్యోగం. దానికోసం రోజూ రుచి చూస్తుంది. దాని తాత సారా తాగే పోయాడు. ఆ రక్తమే దీనిలోనూ ఉందేమోనని నా భయం.

సాయంత్రం బెల్జియం సీసా ఒకటి తెచ్చి, గ్లాసు నా ముక్కు దగ్గర పెట్టింది.

"ఏం వాసన వస్తాండాదో చెప్పవ్వా."

"ధనియాలు, నారింజ తొక్క."

"అబ్బా! నాకొచ్చిన ముక్కు నీదేనవ్వా. ఒక్క గుక్క తాగి చూడు."

"థూ, పోవే!" అంటూనే తాగాను. బాగుంది.

చిత్ర కూడా ఒక్క గుక్కే తాగి, మిగిలింది సింకులో పారబోసింది. గ్లాసు కడిగి బోర్లించింది. అయ్యో, అంతా పోయిందే అని ఉసూరుమన్నది నేను. ఇన్నేళ్లూ ఆయన రక్తాన్నే తిట్టుకున్నాను. ఇప్పుడు నా రక్తమంటేనే భయంగా ఉంది.