ఉమ్మడి చెత్తబుట్ట

స్వెన్‌బోర్గ్,
ఏప్రిల్ 7

మెయిల్ కంపెనీ సహాయకుడు యెప్పె గారికి ఎల్సెబెత్ రాయునది.

మీ మెయిల్ మీద నమ్మకం పోయి కాగితం మీద రాస్తున్నాను. నాకూ మా ఆయన వాగ్న్‌కీ కలిపి ఒకటే అడ్రసు. నేను వంటింటి కంప్యూటర్లో చూస్తాను, ఆయన పడక్కుర్చీలో టాబ్లెట్‌లో చూస్తాడు. వచ్చిన మెయిళ్లు మాయమైపోతున్నాయి. ఊరి తోటల సంఘం అద్దెకిచ్చే తోట ముక్క కోసం పదకొండేళ్లుగా వరసలో ఉన్నాం. నిన్న ఆ సంఘం వాళ్లు ఫోన్ చేసి, “రెండుసార్లు తోట ఇస్తామని రాశాం, మీరు ఉలకలేదు పలకలేదు. ఈ వారం మూడోది పంపుతున్నాం. అందులోని తోట నంబరు వేసి ఇరవయ్యో తేదీలోగా జవాబివ్వకపోతే పేరు కొట్టేస్తాం” అన్నారు. మీరు దొంగలా, చేతకానివాళ్లా?

ఇట్లు, కోపంతో,
ఎల్సెబెత్

తా.క. కంప్యూటర్ ముసలిదైంది, మార్చెయ్యమంటాడు వాగ్న్. ఆయనకి డెబ్బై నాలుగు. నేనేమైనా మార్చానా?

ఏప్రిల్ 9

ఎల్సెబెత్ గారికి,

దొంగలం కాదండీ. మీ రెండు యంత్రాలూ చూసేది ఒకే పెట్టెలోకి. ఒకచోట తీసేస్తే రెండోచోటా పోతుంది. అది జబ్బు కాదు, అలాగే ఉండాలి. తీసేసినవి చెత్తబుట్టలో పడతాయి, వెతకండి.

భయభక్తులతో,
యెప్పె

తా.క. ఎవరు తీసేశారో మాకు తెలియదు. తెలిసినా మొగుడూ పెళ్లాల మధ్యకి మేం రాం.

ఏప్రిల్ 13

యెప్పె బాబుకి,

బుట్టలో చేపల కొట్టు ప్రకటనలు తప్ప ఏమీ లేవు. ప్రతి శనివారం ఆ బుట్ట ఖాళీ చేసేది నేనే. అంటే నా తోటని నా చేత్తోనే పారబోసుకున్నాను! మూడోదీ పోయినట్టే ఉంది. కూర్చుని ఏడ్చాను. వాగ్న్ తల దించుకుని కాఫీ పెట్టి తెచ్చాడు. “నీ తప్పేం లేదు ఎల్సె” అని పదిసార్లు అన్నాడు.

ఇట్లు, దిగులుతో,
ఎల్సెబెత్

తా.క. అడక్కుండానే ఇంట్లో కిటికీలన్నీ తుడిచాడు. ఒంట్లో బాగాలేదేమో.

ఏప్రిల్ 15

ఎల్సెబెత్ గారికి,

ఏడవకండి. మీకు బుట్టలు రెండున్నాయి. కంప్యూటర్ బుట్ట మా దగ్గరుంది. టాబ్లెట్ బుట్ట మాత్రం టాబ్లెట్ లోపలే ఉంది, అందుకే అక్కడ పారేసినవి మీకు కనపడవు. టాబ్లెట్ సెట్టింగుల్లో బుట్ట కూడా మా దగ్గరే ఉండేట్టు మార్చి, పాతవన్నీ అందులోకి జరపండి.

వినయంతో,
యెప్పె

తా.క. కిటికీల సంగతి చదివి ఆఫీసులో అందరం నవ్వాం. క్షమించాలి.

ఏప్రిల్ 21

యెప్పె బాబుకి,

వాగ్న్ ఈతకి వెళ్లినప్పుడు నువ్వు చెప్పినట్టే చేశాను. తోట మెయిళ్లు మూడూ దొరికాయి. వాటి కింద, ఆయన సంఘానికి రాసి, పంపకుండా పారేసిన చిత్తు ఉత్తరం ఒకటి. “నా మోకాళ్లు వంగడం లేదు. పార పట్టలేను. నా మొహం చూసి మా ఆవిడ తోటే వద్దంటుంది. ఇన్నేళ్లు ఎదురుచూసింది నా వల్ల వదులుకుంటే నేను చూడలేను. దయచేసి...” అక్కడితో ఆగిపోయింది.

ముందు కోపం వచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. పిచ్చి మనిషి! తవ్వాలని ఎవరికుంది? ఎండలో ఆయన పక్కన కూర్చోవాలనే కదా తోట అడిగాను.

నిన్న గడువు ముగిసేలోగా జవాబిచ్చేశాను. సంఘం వాళ్లు మళ్లీ రాశారని ఆయనతో అబద్ధమాడాను. “ఆ తోటలో ఉన్న ఆపిల్ చెట్లు చాలు. కొత్తగా ఒక్క గుంట తవ్వినా ఊరుకోను” అన్నాను. ఆయన మోకాళ్లు నిమురుకున్నాడు. తర్వాత, “అయితే రెండు మంచి కుర్చీలు కొనాలి” అన్నాడు.

ఇట్లు, సంతోషంతో,
ఎల్సెబెత్

తా.క. ఆ మూడు మెయిళ్లూ, ఆ చిత్తూ కంప్యూటర్లో, టాబ్లెట్‌లో, మీ దగ్గర, ఎక్కడా ఆనవాలు లేకుండా తీసేయి బాబూ. నేను చదివానని ఆయనకి తెలియకూడదు.