పెరుగు గిన్నె, నీ సమీకరణం

తమ్ముడా, నీ లెక్క గెలిచింది. నువ్వు పోయి ఏడాది నిండిన ఈరోజే, నీ దగ్గర పరిశోధన చేసిన పద్మ పట్టా అందుకుని తిరుపతి నుంచి నేరుగా మా ఇంటికొచ్చింది.

కాలంతో మారేదాని మొదలు తెలియకున్నా, తర్వాత కొన్నిసార్లు కొలిచి సమీకరణం సాధించవచ్చని నువ్వు చెప్తే తోటి లెక్చరర్లు నమ్మలేదు. నా దగ్గర మాత్రం, "తోడెంత వేసినావో చెప్పద్దక్కా, పూటపూటా రుచి చూసి నేనే చెప్తా" అంటూ పెరుగు గిన్నె ఖాళీ చేసేవాడివి.

"అయితే వాడు చెప్పింది నిజమేనా పద్మా?" అన్నాను.

"నిజమేనమ్మా, పరిష్కారం ఉండాది. కానీ తర్వాతి కొలతలు మితంగా ఉండాల. మితం దాటితే మా రుజువు నిలబడదు."

నాకు నవ్వు ఆగలేదు. ఎందుకో ఆ పిల్లకు తెలియలేదు. మితమంట రా! గిన్నె ముందు కూర్చుంటే నీకది ఏనాడైనా తెలుసా?